ఎండలో నిలిపిన కారు, అందులోని బ్యాటరీ

ఇరువది యేండ్ల క్రిందట మన గోదావరి గట్టు గ్రామములలో బ్యాటరీ యనిన రెండే యెరుగుదురు. ఒకటి ట్రాక్టరులోని బరువైన సీసపు బ్యాటరీ. రెండవది రాత్రివేళ నీరు పెట్టబోవు రైతు చేతనుండు టార్చిలైటు సెల్లు. నేడు వీపున తగిలించుకొను స్ప్రేయరు, సెల్‌ఫోను, విద్యుత్ స్కూటరు, చేనిపై నెగిరి మందు చల్లు డ్రోను, ఇవన్నియు మరల మరల ఛార్జి చేయదగిన బ్యాటరీలతోనే పనిచేయుచున్నవి. వీనిలో పెక్కింట నున్నది లిథియం బ్యాటరీ. సీసపు బ్యాటరీతో పోల్చిన, అంతే బరువులో ఇది మూడింతలకు మించిన బలమును దాచుకొనగలదు. ఇందువలన రైతు వీపునకు భారము తగ్గినది, చేనిలో పని త్వరపడినది. ఈ మేలును కాదనువారము కాము.

అయితే సభ్యులు ఈ వస్తువును కొనుటలో చూపు శ్రద్ధను దాచుటలో చూపుట లేదు. వేసవిలో బ్యాటరీని కారులో వదలి, అద్దములు బిగించి, గంటల తరబడి పనిమీద పోవుట సాధారణమైపోయినది. పట్టిసీమ రేవున చూడుడు. ఒడ్డున ఎండలో బండ్లు నిలిపి, లాంచీ ఎక్కి వీరభద్రస్వామి దర్శనమునకు పోయి, తీరికగా మరలివచ్చెడివారెందరో కలరు. అంగడికి, కచేరికి, బ్యాంకునకు పోవువారి సంగతియు నిట్టిదే. బండిలోని బ్యాటరీని గూర్చి తలచువారు అరుదు. ఇది ధననష్టమునకును, ఒక్కొక్కప్పుడు ప్రాణనష్టమునకును దారితీయగల అలవాటు. దీనిని మాన్పుట ఒక్కొక్క రైతు జాగ్రత్తకు మాత్రమే విడువదగిన పని కాదనియు, సహకార సంఘము పూనుకొనదగిన పనియనియు మా యభిప్రాయము. అందులకు కారణములను క్రమముగా మనవిచేయుచున్నాము.

మొదట కారులోని వేడి సంగతి. అద్దము గుండ లోనికి చొచ్చిన ఎండ సీట్లను, ముందరి పలకను కాల్చును. ఆ వేడి బయటికి పోవుటకు దారి లేక లోపలనే పేరుకొనును. అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు వైద్యులు 2005లో ప్రకటించిన పరీక్షలో, నిలిపిన కారులోపలి వేడి గంటసేపటిలో సగటున 22 డిగ్రీల సెంటిగ్రేడు పెరిగినట్లు తేలినది. అందులో అయిదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే పెరిగినది. అద్దమును కొంచెము దించి ఉంచుటవలన చెప్పదగిన లాభమేమియు కలుగలేదు. కావున “అరగంటలో వత్తుము, అద్దము సందు విడిచితిమి” యను సమాధానము చెల్లదు.

అరిజోనా రాష్ట్రమున పండితులు 2018లో ప్రకటించిన పరీక్ష మనకు మరింత సమీపమైనది. ఏలయన అచ్చటి వేసవియు బయట 38 డిగ్రీలు దాటునట్టిది. ఎండలో గంటసేపు నిలిపిన కారులో గాలి సగటున 47 డిగ్రీలు, సీటు 51 డిగ్రీలు, ముందరి పలక, అనగా డ్యాష్‌బోర్డు, 69 డిగ్రీలు వేడెక్కినవి. నీడలో నిలిపిన కారులో గాలి 38, సీటు 41, డ్యాష్‌బోర్డు 48 డిగ్రీల వద్ద ఆగినవి. చెట్టునీడ ఒక్కటియే డ్యాష్‌బోర్డున 21 డిగ్రీలు తగ్గించినదన్నమాట. మన రోహిణీకార్తె ఎండ అరిజోనా ఎండకు తీసిపోవునది కాదు.

ఈ అంకెలు పొగాకు కాల్చిన రైతులకు వేరుగ వివరింపనక్కరలేదు. బ్యారనులో ఆకు పండబారునప్పుడు వేడి 40 డిగ్రీల లోపుననే ఉంచుదురు. ఆకు ఆరునప్పుడు 50, 60 డిగ్రీలకు పెంచుదురు. కడపట ఈనె ఎండుటకు 70 డిగ్రీల దాక తెత్తురు. ఎండలోని కారు డ్యాష్‌బోర్డు ఈనె ఎండు వేడికి, సీటు ఆకు ఆరు వేడికి చేరుచున్నవని పై పరీక్ష చెప్పుచున్నది. పొగాకు ఆ వేడికి నిలుచుటకే బ్యారనులోనికి ఎక్కును. బ్యాటరీ అట్టిది కాదు. సెల్‌ఫోనులు చేయు ఆపిల్ కంపెనీవారు తమ వస్తువులను 45 డిగ్రీలు మించిన చోట దాచరాదనియు, నిలిపిన కారులో వదలరాదనియు స్పష్టముగా తెలుపుచున్నారు. ఒక్క ఫోనునకే ఇంత నియమమున్నపుడు, దానికన్న ఎన్నో రెట్లు బలము దాచుకొన్న డ్రోను బ్యాటరీని గూర్చి చెప్పనేల?

ఇక బ్యాటరీ లోపలి సంగతి. లిథియం బ్యాటరీలో రెండు పక్షములు కలవు. ఒకవైపు బొగ్గుజాతిదైన గ్రాఫైటు పూసిన రేకు. రెండవవైపు లోహపు భస్మము పూసిన రేకు. నడుమ పాలిథీను వంటి పదార్థముతో చేసిన మిక్కిలి పలుచని తెర. ఈ మూడింటిని తడుపుచు సులభముగ అంటుకొను ద్రవమొకటి యుండును. ఆ తెరయే గట్టు. గట్టు నిలిచినంతవరకు రెండు వైపుల బలమును మన చెప్పుచేతలలో నుండి, తీగవెంట నెమ్మదిగ ప్రవహించి మోటారును తిప్పును. గట్టు తెగినచో నేమగునో 1986 ఆగస్టు వరదను చూచిన గోదావరివాసులకు మేము చెప్పనవసరము లేదు. నీటికి బదులు ఇచ్చట నిప్పు, ఇదియొక్కటే భేదము.

వేడివలన బ్యాటరీకి కలుగు హాని రెండు విధములు. మొదటిది నిదానమైనది, కంటికి కనబడనిది. దీనిని విత్తనముతో పోల్చవచ్చును. విత్తనము నిలువయుండు చోట వేడి తగ్గిన కొలది మొలకశక్తి ఎక్కువకాలము నిలుచుననియు, వేడి తేమ హెచ్చిన శీఘ్రముగ నశించుననియు మన మెరుగుదుము. చూపునకు గింజ గింజగనే యుండును. నారుమడిలో చల్లినగాని నష్టము తెలియదు. బ్యాటరీయు నట్టిదే. ఉజ్జాయింపుగ వేడి పది డిగ్రీలు పెరిగిన కొలది దాని ముసలితనము రెట్టింపు వేగమున వచ్చునని చెప్పుదురు. తరచుగ ఉదాహరింపబడు ఒక లెక్క ప్రకారము, నలువది పాళ్లు ఛార్జితో 25 డిగ్రీల చోట ఏడాది దాచిన బ్యాటరీలో నూటికి 96 వంతుల శక్తి మిగులును. అదే 40 డిగ్రీల చోట దాచినచో 85 వంతులే మిగులును. నిండు ఛార్జితో దాచిన యెడల 25 డిగ్రీల వద్ద 80 వంతులు, 40 డిగ్రీల వద్ద 65 వంతులు మాత్రమే మిగులునట. అనగా నిండుగ ఛార్జి చేసి వేడిచోట నుంచినవాడు ఏడాదిలో మూడింట ఒకవంతు సొమ్మును ఊరకనే పోగొట్టుకొనుచున్నాడు.

ఇచ్చట ఒక పెద్ద పొరపాటును సభ్యులు సవరించుకొనవలెను. సీసపు బ్యాటరీని నిండు ఛార్జితోనే దాచవలెను. ఖాళీగ నుంచినచో అందలి సీసపు పలకలపై గారపట్టి పాడగును. ట్రాక్టరు బ్యాటరీతో అలవాటుపడిన రైతు లిథియము నట్లే నిండించి అటకపై పెట్టుచున్నాడు. ఇది తలక్రిందులు. లిథియం బ్యాటరీని సీజను ముగిసిన పిమ్మట సగమో, సగమునకు కొంచెము తక్కువో ఛార్జితో చల్లని చోట దాచవలెను. దీపములతో కూడ నూనెను సిద్ధపరచుకొనిన కన్యకలను బుద్ధిమతులని సువార్త కొనియాడినది నిజమే. కాని ఈ దీపమునకు మాత్రము పెండ్లినాటి యుదయమున నూనె నింపుటయే బుద్ధి. మరియు కొన్ని స్ప్రేయర్లలో సీసపు బ్యాటరీ, మరికొన్నింట లిథియం బ్యాటరీ యున్నవి. ఒకదాని ఛార్జరు రెండవదానికి పనికిరాదు. పాత సీసపు బ్యాటరీని తీసి లిథియము బిగించి, ఛార్జరు మాత్రము పాతదే వాడుట మిక్కిలి అపాయకరము.

రెండవ హాని త్వరితమైనది. దీనికి గడ్డివాము ఉపమానము చాలును. పచ్చిదనమారని గడ్డిని వాము వేసినచో లోపల వేడి పుట్టును. ఆ వేడి బయటికి పోజాలక మరింత వేడిని పుట్టించును. తుదకు ఎవరును నిప్పు పెట్టకుండగనే వాము రాజుకొనును. లిథియం బ్యాటరీలోను ఇట్లే జరుగును. సుమారు 80 మొదలు 120 డిగ్రీల నడుమ గ్రాఫైటు రేకును కాపాడు పలుచని పొర విరిగిపోయి, తనంతట తాను వేడిని పుట్టింప నారంభించును. 130 డిగ్రీల దాపున పాలిథీను తెర కరగును. రెండు పక్షములు ఒకదానినొకటి తాకును. పిమ్మట పొగ, మంట, విషవాయువు. ఒక సెల్లు రాజుకొనిన దాని వేడి ప్రక్క సెల్లును రాజబెట్టును.

కారులోని ఎండవేడి 70 డిగ్రీలే కదా, 130 ఎక్కడ యని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. నిర్దోషమైన బ్యాటరీ ఎండవేడి యొక్కదానివలన మండుట అరుదు. అయితే బ్యాటరీ యెల్లప్పుడు నిర్దోషముగ నుండదు. క్రిందపడి లోపల నొక్కుబడినది కావచ్చును, వంతుగ అద్దెలకు తిరిగి ఉబ్బినది కావచ్చును, చవుకరకము కావచ్చును, అప్పుడే ఛార్జరునుండి తీసినది కావచ్చును. అట్టిదానికి లోపల కొంత వేడి ముందే యుండును. కారు తక్కిన వేడిని చేర్చును. మందుడబ్బా, గోనెసంచి, పెట్రోలు సీసా, ఇనుప పానా దాని ప్రక్కనే యుండును. పానా రెండు కొనలను కలిపినచో ఎండతో పనియే లేదు. ఏ బ్యాటరీ దోషముగలదో బయటి చూపునకు తెలియదు కావున అన్నింటిని ఒక్కతీరుననే కాపాడవలెను. లిథియం ఐరన్ ఫాస్ఫేటు అను రకము వేడికి కొంత ఎక్కువ ఓర్చుననుట నిజము. అయినను దానికి ఈ నియమములు వర్తింపవనుకొనరాదు.

ఈ మాటలు భయపెట్టుటకు చెప్పినవి కావు. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదున రాత్రివేళ ఇంటిలో ఛార్జికి పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఎనుబదియేండ్ల వృద్ధుడు మరణించెను. ఆ వారములోనే విజయవాడలో పడకగదిలో ఛార్జికి పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించెను, భార్యాబిడ్డలు గాయపడిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 12న సికిందరాబాదున ఒక లాడ్జి క్రిందిభాగమందలి విద్యుత్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంట, పొగవలన పై అంతస్తులలోని ఎనమండుగురు మృతిచెందిరి. ఇవి కారులలో జరిగినవి కావు. ఆ సంగతి మేము దాచుట లేదు. కాని వీనినుండి నేర్వదగిన పాఠము మనకును వర్తించును. బలము దాచుకొన్న వస్తువు మనుష్యులు నిద్రించు చోటను, తప్పించుకొను దారిలోను, మూసిన గదిలోను ఉండరాదు. ఎండలో కాగిన బ్యాటరీని కారునుండి దించి నేరుగ పడకగదిలో ఛార్జికి పెట్టు రైతు రెండు అపాయములను ఒకచోట చేర్చుచున్నాడు.

ప్రభుత్వమువారు ఊరకుండలేదు. విద్యుత్ వాహనముల బ్యాటరీలకు ఏ.ఐ.ఎస్. 156 అను ప్రమాణమును కఠినపరచి, తొలివిడతను 2022 డిశంబరు 1 నుండియు, మలివిడతను 2023 మార్చి 31 నుండియు అమలుపరచిరి. అయితే అవి వాహనములకు సంబంధించినవి. చేతిలోనికి తీసికొనిపోవు లిథియం బ్యాటరీలకు భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 16046 ప్రమాణము కలదు. కొనునప్పుడు ఆ గుర్తును చూచి కొనుట సభ్యుల విధి. కాని ఏ ప్రమాణమును మన కారు అద్దములోనుండి ఎండ చొరకుండ ఆపజాలదు. దాచుకొనుట మన చేతిలోని పని.

ఇక సంఘము సంగతి. 2023లో కేంద్ర ప్రభుత్వమువారు ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకమున 15,000 మహిళా సంఘములకు డ్రోనులిప్పింప నిశ్చయించిరి. వెలలో నూటికి 80 వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండ, సహాయము. ఒక్కొక్క డ్రోనుతో అదనముగ నాలుగు జతల బ్యాటరీలు. ఇవి యున్నచో దినమునకు ఇరువది యెకరముల వరకు చల్లవచ్చునని అంచనా. గమనింపుడు: డ్రోను ఒక్కటి, బ్యాటరీలో, ఎన్నో. ఇవి అన్నియు ఊరూరికి, చేనుచేనికి బండిలోనే తిరుగవలెను. ఒకటి ఎగురుచుండగా తక్కినవి బండిలో ఎండలో కాగుచుండును. ఎగిరివచ్చిన వేడి బ్యాటరీని వెంటనే ఛార్జికి పెట్టవలెనను తొందరయు నుండును. కావున ఈ ప్రశ్న ఒక ఇంటివారిది కాక గ్రామమంతటిది యగుచున్నది.

పనిముట్లకు అప్పిచ్చు సంఘము వాని నిలువకును దారి చూపవలెను. ప్రతి సంఘమును తన ఆవరణమున, ఎరువుల గోదామునకును విత్తనపు గదికిని ఎడముగ, ఉత్తరపు వైపున, ఇటుకగోడలు, గాలిదారులు, పెంకు కప్పు గల చిన్నగది యొకటి కట్టింపవలెనని మా సూచన. అందు ఇనుప అరలు, తగిన ఛార్జర్లు, ఒక రిజిస్టరు ఉండవలెను. పగటివేళ మనిషి కంటియెదుటనే ఛార్జి చేయవలెను. సీజను ముగియగానే సభ్యులు తమ బ్యాటరీలను సగము ఛార్జితో అచ్చట ఒప్పగింపవలెను. ఉబ్బినవి, పగిలినవి అచ్చటనే వేరుపరచి అమ్మినవారికి తిరిగి పంపవలెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు అట్టివానిని సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపైననే ఉంచినవి.

“ఎవరి వస్తువును వారే చూచుకొందురు, సంఘమునకేల ఈ ఖర్చు?” అని కొందరు డైరెక్టర్లు అనవచ్చును. విత్తనమును గూర్చియు ఒకప్పుడు ఇట్లే అనియుందురు. ఇంట దాచిన విత్తనము పురుగుపట్టి, మొలక తప్పి, అప్పు మాత్రము నిలిచిన పిదపనే ఉమ్మడి గోదాము విలువ తెలిసినది. బ్యాటరీ పాడైన యెడల స్ప్రేయరు మూలబడును, మందుకొట్టు అదను తప్పును, వాయిదా చెల్లదు. అప్పిచ్చిన సంఘమునకు అది నష్టము కాదా? ఒక చిన్నగది వెల ఒక డ్రోను వెలకు మించదు.

గది కట్టువరకు సభ్యులు పాటింపదగినవి ఇవి:

1. కారు దిగునప్పుడు బ్యాటరీని వెంట తీసికొనిపోవలెను. విమానములలోను విడి బ్యాటరీలను సామానుగదిలో వేయనీయక, ప్రయాణికుని చేతిసంచిలోనే ఉంచుడని నియమము. పొగ పుట్టిన తక్షణమే మనిషికి తెలియవలెనని దాని భావము.

2. తప్పనిసరిగ బండిలో ఉంచవలసివచ్చినచో బండిని చెట్టునీడన నిలిపి, బ్యాటరీని డ్యాష్‌బోర్డున గాని సీటుపై గాని కాక క్రింది భాగమున, ఎండ తగులని చోట, మందపు థర్మోకోలు పెట్టెలో ఉంచి, శీఘ్రముగ మరలవలెను. పెట్టెలో మంచుగడ్డ వేయరాదు. తడి బ్యాటరీకి శత్రువు.

3. రెండు కొనలకు ప్లాస్టిక్ మూతలు గాని టేపు గాని వేయవలెను. పానాలు, మేకులు, చిల్లరనాణెములు గల సంచిలో వేయరాదు. పురుగుమందు, పెట్రోలు ప్రక్కన ఉంచరాదు.

4. ఎండలో కాగిన బ్యాటరీని గాని, అప్పుడే పనినుండి దించినదానిని గాని చేతికి చల్లబడువరకు ఛార్జి చేయరాదు. నీళ్లు చల్లి చల్లార్చరాదు. నీడలో ఉంచిన చాలును.

5. రాత్రి నిద్రించుచు ఛార్జి చేయరాదు. పడకపై, మెట్లక్రింద, గుమ్మమువద్ద, గడ్డి దాపున ఛార్జి చేయరాదు.

6. ఉబ్బినదానిని, వింతవాసన వచ్చుదానిని పొడువరాదు, నొక్కరాదు, మరల ఛార్జి చేయరాదు. ఇంటికి దూరముగ ఆరుబయట నీడలో, ఇసుకపైననో గచ్చుపైననో ఉంచి అమ్మినవానికి తెలుపవలెను. చెత్తకుప్పలోను కాలువలోను పారవేయరాదు.

7. పొగ వచ్చినచో సామానుకై చూడక మనుష్యులు ముందు బయటపడవలెను. ఆ పొగ విషము. 101కు ఫోను చేసి, ఇది లిథియం బ్యాటరీ మంటయని స్పష్టముగ చెప్పవలెను. కరెంటు తీసివేయగలిగి, దూరమునుండి అందుబాటులో నున్నచో మాత్రమే ధారాళముగ నీరు కొట్టవచ్చును. ఒక బిందెడు నీటితో ఆరినట్లు కనబడినను లోపలి వేడివలన మరల రాజుకొనును.

ఇందులో ఖర్చుతో కూడినది ఒక్క థర్మోకోలు పెట్టె, తక్కినవన్నియు అలవాటులే. వేసవి రాకమునుపే ప్రతి సంఘమును తన సర్వసభ్య సమావేశమున ఈ గదిని గూర్చి తీర్మానము ప్రవేశపెట్టవలెననియు, సభ్యులు దానిని బలపరుపవలెననియు కోరుచున్నాము. పట్టిసీమయందు ఎత్తిపోతల పంపులు 24 నెలకొల్పి గోదావరి నీటిని కృష్ణకు మరల్చిన ప్రాంతము మనది. తీగవెంట వచ్చు బలమును వాడుకొనుట మనము నేర్చితిమి. పెట్టెలో ఇమిడిన బలమును కాపాడుకొనుటయు నేర్వవలెను. గట్టు బలముగ నున్నంతవరకే నీరు మనది.